ఉద్దండరాయల జాగిలాలు, ఓబులమ్మ కోళ్ళు

వెదురుగొంది అని ఒక రాజ్యం ఉండేదట. పొద్దున్నే సద్ది తిని గుర్రమెక్కినవాడు మధ్యాహ్నం భోజనానికి పరాయి రాజ్యంలో దిగిపోయేవాడు, అంత విశాలమైన రాజ్యం. దాన్ని ఏలే ఉద్దండరాయలకి బిరుదులు మాత్రం రాజ్యం కంటే పొడవు. రణరంగభీకరుడు, పరరాజగర్వభంజనుడు అంటూ వందిమాగధులు మొదలుపెడితే, సభలో పెద్దవాళ్ళు ఓ కునుకు తీసి లేచేవారు. ఆయన యుద్ధానికి వెళ్ళగా చూసినవాళ్ళు లేరు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే తన మాట తప్పని ఎవరైనా అంటే ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆ సభలో దోనయ్య అని ఒక హాస్యగాడు ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. రాజుగారికి కోపం వచ్చినప్పుడల్లా మంత్రులు నేలచూపులు చూస్తూ మోచేతులతో అతన్ని ముందుకు నెట్టేవారు. అలా నెట్టించుకుని నెట్టించుకుని దోనయ్యకి భయం అలవాటైపోయింది. లేదని కాదు, ఉన్నా పనికి అడ్డం వచ్చేది కాదు.

ఒక ఏడు రాజుగారు ఎక్కడో పడమటి రేవు నుంచి వేటజాగిలాలు తెప్పించారు. సన్నటి నడుములు, పొడవాటి కాళ్ళు. వాటికి ప్రళయభైరవుడు, ఉగ్రదండుడు లాంటి పేర్లు పెట్టి, పెట్టిన రోజున సభలో మీసం మెలేసి చెప్పారు.

"మా జాగిలాలు ఊరకుక్కలు కావు. ఆజ్ఞ లేనిదే అడుగు కదపవు. ఆజ్ఞ అయిందా, ఇక ఆగవు!"

ఆ మాట రాజుగారికి ఎంత నచ్చిందంటే, వారం తిరక్కుండా అది కూడా ఒక బిరుదైపోయింది. ఆజ్ఞాబద్ధశునకపాలకుడు. వందిమాగధులకి నోరు తిరగడానికి కొన్నాళ్ళు పట్టింది.

కోట గుమ్మానికి ఎదురు వాడలో ఓబులమ్మ అనే ముసలామె కోళ్ళు పెంచుకుని బతికేది. పొద్దున్న గూటి తడిక తెరిస్తే అవి వీధంతా తిరిగి, పురుగూ పుట్రా ఏరుకుని, సందెవేళకి వాటంతట అవే ఇల్లు చేరేవి. ఆమె గుప్పెడు నూకలు చల్లితే సరిపోయేది. ఒక రోజు పొద్దున రాజుగారు జాగిలాలతో వాహ్యాళికి ఆ వాడ వైపు వచ్చారు. ఆయన గుర్రం ఇంకా మలుపు దగ్గరే ఉంది, ముందు నడుస్తున్న జాగిలాలు ఓబులమ్మ వాకిట్లోకి దూకాయి. చూస్తుండగానే మూడు పెట్టలు పోయాయి.

మర్నాడు ఓబులమ్మ కొంగులో ఈకలు పోసుకుని సభకి వచ్చింది.

"దొరా, నా చుక్కలపెట్ట పోయింది, బోడిపెట్ట పోయింది. పొదిగే పెట్ట కూడా పోయింది, దాని గుడ్లు చల్లబడిపోయినాయి. కుక్కలు గుమ్మం ముందరికొచ్చినాయి గదా అని నేను కోళ్ళను లోపలికి తోలుకుంటానే ఉండా. ఇంతలోనే నా కండ్ల ముందరే చంపేసినాయి."

ఆ ఈకలు చూశాక దోనయ్యకి నవ్వించే మాట ఒక్కటీ తోచలేదు.

ఉద్దండరాయలు గొంతు సవరించుకున్నారు. "అవ్వా, మా జాగిలాలు ఆజ్ఞ లేనిదే కదలవు. మేము ఆజ్ఞ ఇవ్వలేదు. కాబట్టి తప్పు జాగిలాలది కాదు. రాజజాగిలాలు వచ్చే దారిలో విచ్చలవిడిగా తిరిగిన కోళ్ళది తప్పు. ఇకమీదట ఈ పురంలో కోళ్ళన్నీ గంపల కిందే ఉండాలి. గంప దాటిన కోడికి మా పూచీ లేదు!"

సభ "ఆహా" అంది. ఓబులమ్మ అనలేదు.

"గంప కింద మూస్తే వాటికి తిండి యాడ తెచ్చేది దొరా? తిరిగి మేసే కోడి గాబట్టి నేను సాకతాండా. మూసి పెడితే నా కూడు వాటికి పెట్టాల. అంతకంటే అమ్ముకునేదే మేలు. అమ్ముకుంటే నాకు ఇంకేముంది?"

మోచేతులు మొదలయ్యాయి. కానీ ఈసారి ఎవరూ నెట్టక ముందే దోనయ్య లేచాడు.

"ప్రభూ, కోడికి గంప నేర్పడం కంటే కుక్కకి కోడిని నేర్పడం తేలిక కదా? ఆజ్ఞ వినే జాగిలాలు, చెబితే వినవా?"

"వేటజాగిలాలు కోళ్ళతో కలిసి కాపురం చెయ్యాలంటావా?" రాజుగారు పకపకా నవ్వారు. "సరే, నేర్పు. పున్నమి దాకా గడువు. ఆ రోజు ఈ సభాప్రాంగణంలోనే కుక్కల్నీ కోళ్ళనీ కలిపి వదులుదాం. ఒక్క ఈక రాలినా శాసనం అమలవుతుంది, నిన్నూ ఒక గంప కింద మూయిస్తాం."

"కాస్త పెద్ద గంప చేయించండి ప్రభూ, ఈ మధ్య పొట్ట పెరిగింది" అన్నాడు దోనయ్య. అన్నాడు గానీ కుక్కల గురించి అతనికి తెలిసిందల్లా, అవి మొరిగితే వేరే వీధిలోంచి వెళ్ళాలని.

జాగిలాల్ని చూసుకునే బసప్పని వెంటబెట్టుకుని మర్నాడే ఓబులమ్మ వాకిలికి వెళ్ళాడు. బసప్ప ఉపాయం బసప్పకి ఉంది. చచ్చిన కోడిని కుక్క మెడకి కట్టి, కుళ్ళేదాకా తిప్పితే మళ్ళీ కోడి జోలికి పోదన్నాడు.

"వద్దు నాయనా. అది నగ అనుకుని మురిసిపోతుంది" అన్నాడు దోనయ్య. "అదీగాక అవ్వ ముందర ఇంకో చచ్చిన కోడిని పెడతావా?"

దోనయ్య తన పద్ధతి తనే కనిపెట్టుకున్నాడు. రాజుగారికి కోపం వచ్చినప్పుడు తాను చేసే పనే చేశాడు. తొందరపెట్టకుండా, ఎదురు చెప్పకుండా, కడుపు నిండాక మాట కదపడం. జాగిలాల్ని ముందు ఏటి గట్టున అలిసిపోయేదాకా పరిగెత్తించేవారు. కడుపునిండా పెట్టేవారు. ఆ తర్వాత తాళ్ళతో పట్టుకుని, కోళ్ళు మేసేచోటికి దూరంగా కూర్చోబెట్టేవారు. కుక్క కోడి వైపు చూపు బిగించిందా, దోనయ్య మెల్లిగా పేరు పెట్టి పిలిచేవాడు. చూపు తిప్పి అతని వైపు చూసిందా, ఓ మాంసం ముక్క. రోజురోజుకీ కాస్త దగ్గరగా జరిగేవారు.

ప్రళయభైరవుడన్న పేరు పిలిచి పిలిచి నాలుక తిరక్క, దోనయ్య దాన్ని "ఒరేయ్ పెద్దోడా" అనడం మొదలుపెట్టాడు. అది ఆ పేరుకే ముందు పలికింది.

ఓబులమ్మ మొదట్లో తలుపు చాటునుంచే చూసేది. ఆమె కోళ్ళు మాత్రం మొండివి. పిల్లలకోడి ఒకటి నేరుగా వచ్చి పెద్దోడి ముక్కు మీద పొడిచింది. పెద్దోడు కుయ్యిమని దోనయ్య వెనక దాక్కున్నాడు. ఆ రోజు ఓబులమ్మ చాలా కాలానికి నవ్వింది. ఇంకొన్నాళ్ళకి జాగిలాలు ఎండలో కాళ్ళు చాపుకుని పడుకుంటే, కోళ్ళు వాటి పక్కనే మట్టి గోక్కుంటూ తిరిగేవి. గెలిచేశామనుకున్నాడు దోనయ్య.

అనుకున్న రోజునే అసలు సంగతి బయటపడింది.

ఓబులమ్మ వాకిట్లో జొన్నలు ఎండబోసుకుంది. కోళ్ళన్నీ ఒక్కసారిగా వాటి మీద పడ్డాయి. ఆమె పరుగున వచ్చి చెయ్యి విసిరింది.

"ఉస్కో! ఉస్కో!"

ఎండలో పడుకున్న జాగిలాలన్నీ ఒక్క ఉదుటున లేచి కోళ్ళ మీదకి లంఘించాయి. తాళ్ళు చేతికి చుట్టుకుని ఉన్నారు గనక సరిపోయింది. బసప్ప బోర్లా పడ్డాడు, దోనయ్యని వాకిట్లో చివరిదాకా ఈడ్చుకుపోయాయి. పడిన చోటునుంచే అతను అరిచాడు.

"బసప్పా! వేటలో వీటిని ఏమని ఉసిగొల్పుతారు?"

"ఇంకేమంటారయ్యా, ఉస్కో అంటారు!"

వెదురుగొందిలో కోడిని తోలేది కూడా ఆ మాటతోనే. తీరిగ్గా తోలితే "ఉస్" అని, కాస్త ఊపిరి తీసుకుని, "కో" అంటారు. కంగారులో ఊపిరి ఎవరు తీసుకుంటారు? రెండూ కలిసిపోతాయి. ఊరకుక్కలకి ఎవరూ వేట నేర్పలేదు గనక ఇన్నాళ్ళూ ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

ఓబులమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక జొన్నల మీదే కూలబడిపోయింది.

"అయితే ఆ పొద్దు... కుక్కలు వచ్చినాయని... కోళ్ళను లోపలికి తోలుదామని నేనే గదా అరిచింది సామీ. నా నోటితో నేనే చంపుకున్నానా?"

దోనయ్య మోకాళ్ళ దుమ్ము కూడా దులుపుకోకుండా ఆమె పక్కన కూర్చున్నాడు. "నువ్వు కాపాడుకుందామని అరిచావవ్వా. అవి పట్టుకోమన్నావని విన్నాయి. నువ్వు చెడ్డదానివీ కాదు, అవి చెడ్డవీ కావు."

ఆమె కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తుంటే, పెద్దోడు తాడు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పాదాలు వాసన చూసి వెళ్ళాడు.

దోనయ్యకి నిజం తెలిసింది, కానీ ఆ నిజం చెబితే ఓబులమ్మ కొంప మునుగుతుంది. ఆజ్ఞ లేనిదే మా జాగిలాలు కదలవన్న రాజుగారి మాట అక్షరాలా నిజమై కూర్చుంది. ఆజ్ఞ ఇచ్చింది ఓబులమ్మే అయింది! "చూశారా, మేము అనలేదూ? తప్పు కోళ్ళది కూడా కాదు, కోళ్ళదానిది" అని రాయలవారు మీసం మెలేస్తారు. చెప్పకుండా ఊరుకుంటేనో, రేపు పున్నమినాడు ఎవడో ఒకడు కోడిని తోలతాడు. ఊరందరి నోళ్ళకీ పాత మాట మాన్పించడం అయ్యే పని కాదు.

బాగా ఆలోచించి మర్నాడు ఓబులమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అవ్వా, ఆ మాట మళ్ళీ అనాలి నువ్వు."

"నా నాలిక తెగిపోయినా అనను సామీ!"

"అనాలి. చేతిలో జొన్నరొట్టె ముక్క పట్టుకుని అనాలి. కోళ్ళు లేనప్పుడు ముందు."

బసప్ప గట్టిగా పట్టుకున్నాడు. ఓబులమ్మ "ఉస్కో" అంది. జాగిలాలు లేచాయి, ఎటు ఉరకాలో తెలియక చుట్టూ చూశాయి. దోనయ్య వాటిని మెల్లిగా ఆమె దగ్గరికే నడిపించి కూర్చోబెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని రొట్టె ముక్క అందించింది. మళ్ళీ అన్నారు, మళ్ళీ నడిపించారు. ఊళ్ళోవాళ్ళని ఒక్కొక్కర్నీ పిలిచి అనిపించారు, రొట్టె పెట్టించారు. చివరికి కోళ్ళ మధ్యలో ఎవరు ఆ కేక పెట్టినా, జాగిలాలు కోళ్ళని దాటుకుంటూ వచ్చి ఆ కేక పెట్టిన మనిషి ఎదుట బుద్ధిగా కూర్చునేవి. ఓబులమ్మకి భయం పోయింది. పెద్దోడు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటే, "లెయ్ రా దున్నపోతా, నాకు పనుంది" అనేది, లేపేది మాత్రం కాదు.

పున్నమి వచ్చింది. సభాప్రాంగణం కిటకిటలాడింది. వందిమాగధులు బిరుదులన్నీ చదివారు. ఉద్దండరాయలు సింహాసనం మీద ఆసీనులై, ముత్యాలు పొదిగిన కొత్త పావుకోళ్ళు అందరికీ కనిపించేలా కాళ్ళు ముందుకి చాపారు. ఒక మూల కొత్త గంప ఉంది. నిజంగానే పెద్దది.

కోళ్ళని వదిలారు. జాగిలాల తాళ్ళు విప్పారు.

ఏమీ జరగలేదు. కోళ్ళు రాతిపలకల సందుల్లో గోక్కున్నాయి. జాగిలాలు నీడ చూసుకుని పడుకున్నాయి. ఒకటి ఆవులించింది.

రాజుగారి ముఖం చిన్నబోయింది. "వీటికి ఒంట్లో బాగా లేదా ఏమిటి?" అన్నారు.

"బాగుంది ప్రభూ. ఇరుగుపొరుగుతో మాత్రం పరిచయమైంది" అన్నాడు దోనయ్య. పైకి నవ్వుతున్నాడు గానీ, అతను ఎదురుచూస్తున్న మాట ఇంకా రాలేదు.

అంతలో ఎర్ర పెట్ట ఒకటి మెట్లెక్కి సింహాసనం దగ్గరికి చేరింది. మెడ వంచి రాజుగారి పావుకోళ్ళని ఇటు చూసింది, అటు చూసింది. తెల్లగా గుండ్రంగా మెరుస్తున్న ముత్యాల్ని చూసి జొన్నగింజలనుకుంది. టక్కున పొడిచింది.

"అబ్బ!" అన్నారు రాయలవారు. "ఏయ్, దాన్ని తియ్యండి!"

"తమరి కాళ్ళ దగ్గర ఉన్నవీ కోళ్ళేగా ప్రభూ, పావుకోళ్ళు! చుట్టాలనుకుని పలకరిస్తోంది" అన్నాడు దోనయ్య కదలకుండా.

పెట్ట ఈసారి గురి తప్పి బొటనవేలు పొడిచింది. రణరంగభీకరుడు ఎగిరిపడి చెయ్యి విసిరాడు.

"ఉస్కో! ఉస్కో!"

జాగిలాలన్నీ ఒక్కసారిగా లేచాయి. జనం హాహాకారాలు చేశారు. ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. అవి ప్రాంగణమంతా ఒక్క పరుగులో దాటి, మెట్లెక్కి, ఎర్ర పెట్టని పక్కనుంచి దాటుకుని వెళ్ళి రాజుగారిని చుట్టుముట్టాయి. ఉద్దండరాయలు పావుకోళ్ళు పాదపీఠం మీదే వదిలేసి, రెండు కాళ్ళూ పైకి లాక్కుని సింహాసనం మీద గొంతుకూర్చున్నారు. కిరీటం చెవి మీదకి జారింది. జాగిలాలు వరసగా కూర్చుని, నాలుకలు చాపి, ఏం పెడతారా అన్నట్టు ఆయన ముఖంలోకి చూడసాగాయి.

"దోనయ్యా! ఇవెందుకొచ్చాయి?"

"తమరు ఆజ్ఞ ఇచ్చారు ప్రభూ, వచ్చాయి."

"మేము ఆజ్ఞ ఇవ్వలేదు! మేము కోడిని తోలాం!"

"మన రాజ్యంలో రెంటికీ ఒకటే మాట ప్రభూ. కోడికి పొమ్మని వినిపిస్తుంది, వేటకుక్కకి పట్టుకోమని వినిపిస్తుంది. ఆజ్ఞ లేనిదే తమరి జాగిలాలు కదలవన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ రోజు కూడా ఆజ్ఞ లేకుండా కదల్లేదు."

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "ఆ రోజు ఎవరన్నారు ఆ మాట?"

దోనయ్య నోరు తెరిచేలోగా ఓబులమ్మ ముందుకొచ్చింది.

"నేనే దొరా. కోళ్ళను లోపలికి తోలుకుందామని నేనే అరిచినా. కుక్కలకు అట్ల వినిపిస్తాదని నాకు తెలీదు. తెలిసినప్పటినుంచి నాకు నిద్ర లేదు."

రాజుగారు ఆమెని చూశారు. ఎప్పుడూ వెంటనే నోట్లోంచి ఊడిపడే తీర్పు ఈసారి ఊడిపడలేదు. తన పాదపీఠం మీద ఎర్ర పెట్ట ఇంకా తీరిగ్గా ముత్యాలు పొడుచుకుంటోంది. కిందటి పున్నమికైతే తన నోటి మాటతో, తన సభలో, తన కాళ్ళ దగ్గర అది చచ్చి పడి ఉండేది. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"తెలియక అన్నావు" అన్నారు చివరికి, మెల్లిగా. "మేమూ తెలియకే అన్నాం." తర్వాత దోనయ్య వైపు తిరిగి, "ఇవి ఇలా వచ్చి మమ్మల్ని చుట్టుముట్టడమేమిటి? ఇదీ నీ పనేనా?"

"అపచారం ప్రభూ. ఉసిగొల్పితే ఎదుటివాళ్ళ మీద పడొద్దు, ఉసిగొల్పినవాళ్ళ దగ్గరికే వెళ్ళి కూర్చోమని నేర్పాను. మనుషులకి కూడా నేర్పి చూద్దామనుకున్నాను గానీ, కుక్కలంత త్వరగా పట్టుబడరు."

మంత్రులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో సగంమందికి ఆ మాట ఎక్కడో తగిలింది. ముందు రాజుగారి పెదవి కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ఉద్దండరాయలు సింహాసనం మీద గొంతుకూర్చునే, కిరీటం చేత్తో పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. సభకి అనుమతి దొరికినట్టయింది, అందరూ నవ్వారు.

"గంపల శాసనం రద్దు" అన్నారు నవ్వు ఆపుకుంటూ. "ఓబులమ్మ కోళ్ళు పురమంతా తిరగవచ్చు. చల్లబడిపోయిన గుడ్లకి బదులు మా దివాణం నుంచి పిల్లలకోళ్ళని ఇప్పిస్తాం. దోనయ్యా, ఇదుగో, మా చేతి కంకణం. అయితే ఒక్క మాట. ఇక మేము వేటాడేదెలా? అడవిలో ఉస్కో అంటే ఇవి మా ఒళ్ళో కూర్చుంటాయే!"

"వేటకి కొమ్ము ఊదండి ప్రభూ. కొమ్ము ఊది కోళ్ళని తోలేవాళ్ళు మన రాజ్యంలో లేరు."

రాజుగారు మళ్ళీ నవ్వారు. దోనయ్య కంకణం కళ్ళకద్దుకున్నాడు.

ఓబులమ్మ దండం పెట్టి ఇంటిదారి పట్టింది. కోళ్ళు ఆమె ముందు నడుస్తున్నాయి. పెద్దోడు లేచి ఆమె వెనకే బయల్దేరాడు, వాడి వెనక తక్కిన జాగిలాలన్నీ బయల్దేరాయి. ఆమె కొంగుకి ఇంకా జొన్నరొట్టె వాసన ఉంది మరి. కోట గుమ్మం దాకా వచ్చాక కోళ్ళు ఎటూ కదలకుండా అక్కడ గడ్డిలో మేతకి నిలబడిపోయాయి, కుక్కలు చుట్టూ కూర్చున్నాయి. ముసలామె మధ్యలో చిక్కుపడి, ఎవర్ని ఏమనాలో తోచక నిలబడింది. నోరు తెరిస్తే కుక్కలు ఒళ్ళోకొస్తాయి, తెరవకపోతే కోళ్ళు ఇల్లు చేరవు.

మేడమీద నుంచి రాయలవారు అది చూశారు. భటులెవరినీ పిలవలేదు. పిట్టగోడ మీదకి వంగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, బిరుదులన్నీ మరిచిపోయి పల్లెటూరి ఆసామిలా ఒక్క కేక పెట్టారు.

"ఉస్కో...!"

కోళ్ళన్నీ బిలబిలమంటూ ఇంటికి పరిగెత్తాయి. కుక్కలన్నీ వెనుదిరిగి రాజుగారి దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి.